పద్దుల పుస్తకం, టాకీ బొమ్మ: జాన్ డి. రాక్‌ఫెల్లర్ జీవితం



ఈ ప్రత్యేక సంచిక కోసం, కాలం చేసిన ప్రముఖులలో ఒకరి జీవితాన్ని గురించి రాయవలసిందిగా కార్యదర్శిగారు నన్ను కోరారు. దేశనాయకులను గురించి, మన తెలుగు పెద్దలను గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టాను. పదహారేళ్ళ వయసులో గుమాస్తాగా చేరి, లోకంలోకెల్లా ధనవంతుడై, సుమారు నలభై ఏళ్ళు విశ్రాంత జీవితం గడిపి, తొంభై దాటిన తర్వాత టాకీ కెమెరా ముందు నిలబడి మాట్లాడిన ఒక అమెరికా దేశస్థుని గురించి రాస్తున్నాను. ఆయన పేరు జాన్ డేవిసన్ రాక్‌ఫెల్లర్. మనం టాటా బిర్లాలని ఎలా అంటామో, అమెరికావాళ్ళు ధనవంతుడనడానికి ఆయన పేరు అలా వాడుకున్నారు. ఆయన సంపదను చూసి కాదు, ఆయన లెక్కలు రాసిన మనిషి కావడం చూసి నాకు ఆయన మీద ఆసక్తి కలిగింది. ముప్పై ఏళ్ళకు పైగా క్యాష్ బుక్కులు, రిజిస్టర్లు రాసిన చేతికి అది సహజమే కదా.

రాక్‌ఫెల్లర్ 1839 జూలై 8వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని రిచ్‌ఫర్డ్ అనే పల్లెలో జన్మించారు. ఫ్రాన్సు దేశంలో డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫోటో విద్యను అక్కడి ప్రభుత్వం ప్రపంచానికి వెల్లడించింది కూడా ఆ సంవత్సరమే. అంటే కెమెరా, ఆయన ఒక ఈడువారన్నమాట. తండ్రి విలియం ఊరూరా తిరిగి మందులు అమ్మేవాడు. వైద్యం చదవకపోయినా డాక్టరునని చెప్పుకునేవాడు. నెలల తరబడి ఇంటి ముఖం చూసేవాడు కాదు. వచ్చినప్పుడు మాత్రం చేతినిండా డబ్బుతో వచ్చేవాడు. ఆయన పేరు మార్చుకుని మరొకచోట రెండో పెళ్ళి చేసుకుని కాపురం పెట్టిన సంగతి చాలా కాలానికి, 1908లో, పత్రికలకెక్కింది. తల్లి ఎలైజా దైవభక్తి, పొదుపు గల ఇల్లాలు. ఆరుగురు పిల్లలలో జాన్ రెండోవాడు, మగపిల్లలలో పెద్దవాడు. తండ్రి ఎప్పుడు వస్తాడో తెలియని ఇంట్లో అప్పు తీర్చడం, ఉన్నది జాగ్రత్త పెట్టడం ఆయనకు తల్లి దగ్గరే అలవడ్డాయి.

1853లో ఆ కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ పట్టణ ప్రాంతానికి చేరింది. జాన్ అక్కడ హైస్కూలు చదువు చదివి, ఒక వాణిజ్య పాఠశాలలో కొద్ది వారాలపాటు జమాఖర్చులు రాయడం నేర్చుకున్నారు. తర్వాత ఉద్యోగం వేట మొదలైంది. పట్టణంలోని పెద్ద వ్యాపార సంస్థల జాబితా రాసుకుని, ఆదివారాలు తప్ప రోజూ పొద్దున్నే బయలుదేరి ఒక్కొక్క గడపా ఎక్కేవారు. జాబితా అయిపోతే మళ్ళీ మొదటినుంచి ప్రారంభించేవారు. ఆరు వారాలు అలా తిరగ్గా, 1855 సెప్టెంబరు 26న హ్యూయిట్ అండ్ టటిల్ అనే దళారీ వ్యాపారుల దగ్గర సహాయక గుమాస్తాగా కుదిరారు. మూడు నెలలు జీతం మాట ఎత్తకుండా పనిచేయించుకుని, ఆ ఏడాది చివర 50 డాలర్లు చేతిలో పెట్టారు. తర్వాత నెలకు 25 డాలర్లు నిర్ణయించారు. ఆ సెప్టెంబరు 26వ తేదీని ఆయన జీవితాంతం తన పుట్టినరోజు కంటె ఎక్కువగా పండుగ చేసుకున్నారు. సర్వీసులో చేరిన తేదీని పుట్టినతేదీ కంటె గట్టిగా గుర్తుపెట్టుకునేది మనమొక్కరమే కాదని ఇది చదివినప్పుడు నాకు తెలిసింది.

ఆ కచేరీలో ఆయన ప్రతి బిల్లునూ ఒక్కొక్క అంకె చొప్పున సరిచూసి గాని డబ్బు చెల్లించనిచ్చేవారు కాదు. 1857లో భాగస్వామి టటిల్ వెళ్ళిపోతే ఆయన పని మొత్తం కుర్రవాడి మీద పడింది. టటిల్‌కు ఏడాదికి 2,000 డాలర్లు ముట్టేవి. అదే పనికి ఈయనకు 500 డాలర్లు ఇచ్చారు. అది తర్వాత 600 అయింది. 800 కావాలని అడిగితే యజమాని 700 దగ్గర ఆగిపోయారు. పై సీటు పని చేయించుకుని కింది సీటు జీతం ఇవ్వడం ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు. ఆయన మనలాగ అర్జీలు పెట్టుకోలేదు. ఉద్యోగం వదిలేసి, మారిస్ క్లార్క్ అనే స్నేహితునితో కలిసి 1859లో సొంత దళారీ వ్యాపారం పెట్టారు. పెట్టుబడికి తక్కువపడిన 1,000 డాలర్లు తండ్రి ఇచ్చారు, నూటికి పది వడ్డీకి.

ఇక్కడ ఒక చిన్న పుస్తకం గురించి చెప్పాలి. గుమాస్తాగా చేరిన రోజుల్లోనే ఆయన పది సెంట్లు పెట్టి ఒక పద్దుల పుస్తకం కొన్నారు. దానికి ‘ఎ’ లెడ్జరు అని పేరు. వచ్చిన ప్రతి సెంటూ, పోయిన ప్రతి సెంటూ అందులో ఎక్కించారు. ఇంటద్దె, బట్టలు, చర్చిలో వేసిన చందా, బీదవారికి ఇచ్చిన చిల్లర, అన్నీ తారీఖులవారీగా ఉన్నాయి. మొదటి జీతం నుంచే నూటికి ఆరు వంతుల దాకా దానాలకు పోయిందని ఆ లెక్కే చెబుతుంది. అమెరికాలో బానిసత్వం ఇంకా పోని రోజుల్లో, 1859లో, ఒక నల్లజాతి మనిషి తన భార్యను బానిసత్వం నుంచి విడిపించుకోవడానికి ఇచ్చిన సొమ్ము కూడా ఒక పద్దుగా ఉంది. కోట్లకు పడగెత్తిన తర్వాత ఆయన ఆ పుస్తకాన్ని ఇనప్పెట్టెలో భద్రపరిచి, 1897లో తమ చర్చిలోని యువకులకు బయటికి తీసి చదివి వినిపించారు.

1859లోనే పెన్సిల్వేనియా రాష్ట్రంలో నూనెబావి పడింది. భూమిలోంచి పైకి వచ్చే ముడి చమురును శుద్ధిచేస్తే కిరసనాయిలు వస్తుంది. మోటారు కార్లు లేని ఆ రోజుల్లో పెట్రోలుకు విలువ లేదు, ఇంటింటా దీపం వెలిగించే కిరసనాయిలుకే గిరాకీ. 1863లో రాక్‌ఫెల్లర్, క్లార్క్ కలిసి శుద్ధి కర్మాగారం పెట్టారు. భాగస్వాములతో పొసగక 1865లో కంపెనీని తమలో తామే వేలం వేసుకున్నారు. 500 డాలర్ల దగ్గర మొదలైన పాట 72,500 డాలర్ల దగ్గర ఆగి, రాక్‌ఫెల్లర్ పేర కొట్టివేయబడింది. అప్పటికి ఆయన వయసు 25. అంతకు ముందటి ఏడే లారా స్పెల్మన్ అనే ఉపాధ్యాయినిని వివాహమాడారు. 1870 జనవరి 10న పది లక్షల డాలర్ల మూలధనంతో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఏర్పడింది.

నా ఈడువారికి కిరసనాయిలు డబ్బా తెలియకుండా ఉండదు. ఖాళీ అయిన తర్వాత నీళ్ళు మోయడానికీ, బియ్యం పోసుకోవడానికీ ప్రతి ఇంట్లోనూ ఆ రేకు డబ్బాయే. ఎగుమతికి వెళ్ళే ఐదు గాలన్ల డబ్బాలకు మూత అతికే చోటికి రాక్‌ఫెల్లర్ ఒకసారి వెళ్ళారు. ఒక్కొక్క డబ్బాకు ఎన్ని చుక్కల మాటు వేస్తున్నారని అడిగితే నలభై అన్నారు. 38 చుక్కలతో చేసి చూడమన్నారు. కొన్ని డబ్బాలు కారాయి. 39తో చేస్తే ఒక్కటీ కారలేదు. ఆనాటినుంచి 39 చుక్కలే నియమమైంది. ఆ ఒక్క చుక్క మొదటి ఏడాది 2,500 డాలర్లు మిగిల్చిందట. అమెరికా కిరసనాయిలు ఆ కాలంలో ఓడలమీద మన దేశానికీ దిగుమతయ్యేది. గుమాస్తా బుద్ధి ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఆ పద్దుల మనిషి చరిత్రలో రెండో పేజీ కూడా ఉంది. రైళ్ళలో చమురు పంపే కంపెనీలన్నిటికీ ప్రకటించిన రేటు ఒకటి, స్టాండర్డ్ ఆయిల్‌కు రహస్యంగా ఇచ్చే రేటు ఒకటి. చార్జీ కట్టిన తర్వాత కొంత భాగం తిరిగి చేతికి వచ్చేది. 1872లో రైల్వే కంపెనీలు, కొందరు శుద్ధిదారులు కలిసి ఇంకా ఘోరమైన ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. దాని ప్రకారం పోటీదారుడు కట్టిన రైలు చార్జీలో కూడా కొంత వీరి జేబులోకే రావాలి. పోటీదారుడు ఎక్కడికి ఎంత సరుకు పంపాడో ఆ సమాచారం కూడా వీరికి అందాలి. సంగతి పొక్కి చమురు ప్రాంతమంతా భగ్గుమంది. ఆ ఏర్పాటు అమలు కాకముందే రద్దయింది. కాని ఆ బెదురులోనే, కొద్ది వారాల వ్యవధిలో, క్లీవ్‌లాండ్‌లోని 26 పోటీ కర్మాగారాలలో 22 స్టాండర్డ్ ఆయిల్ చేతిలోకి వచ్చాయి. కొందరికి మంచి ధరే ముట్టింది. చాలామంది మాత్రం ఇక బతకలేమని తెలిసి, వచ్చిన ధరకు అమ్ముకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి అమెరికాలో శుద్ధి అయ్యే చమురులో నూటికి తొంభై వంతులు ఆయన అదుపులో ఉన్నాయి. 1882లో ఆ కంపెనీలన్నిటినీ ఒక ట్రస్టు కిందికి తెచ్చారు.

ఆ చమురు ప్రాంతంలోనే ఐడా టార్బెల్ అనే ఆడపిల్ల పెరిగింది. ఆమె తండ్రి చిన్న చమురు వ్యాపారి. 1872 నాటి దెబ్బ తగిలిన కుటుంబాలలో వారిదీ ఒకటి. ఆమె పెద్దదై పత్రికా రచయిత్రి అయి, కోర్టు రికార్డులు, విచారణ సంఘాల నివేదికలు, పాత కాగితాలు తవ్వితీసి, 1902 నుంచి 1904 వరకు మెక్‌క్లూర్స్ అనే మాసపత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను ధారావాహికగా రాసింది. దేశమంతా చదివింది. రాక్‌ఫెల్లర్ నోరు విప్పలేదు. జవాబివ్వమని ఆప్తులు చెప్పినా వినలేదు. 1911 మే 15న అమెరికా సుప్రీంకోర్టు ఆ కంపెనీని 34 ముక్కలు చేయమని తీర్పు చెప్పింది. చిత్రమేమిటంటే, ఆ ముక్కల షేర్ల ధరలు అంతకంతకు పెరిగి ఆయన మరింత ధనవంతుడయ్యారు. 1913 నాటికి ఆయన ఆస్తి 90 కోట్ల డాలర్లకు చేరిందని అంచనా.

అప్పటికే ఆయన విశ్రాంతిలో ఉన్నారు. 1897 ప్రాంతంలో, అంటే మన తరంవారు రిటైరైన 58 ఏళ్ళ వయసుకే, ఆయన రోజూ ఆఫీసుకు వెళ్ళడం మానేశారు. అధ్యక్షుడనే హోదా మాత్రం 1911 దాకా పేరుకు నిలిచింది. ఒంట్లో ఆరోగ్యం దెబ్బతిన్నది. 1901లో ఏదో వ్యాధివల్ల తలమీద జుట్టు, మీసాలు, కనుబొమలు అన్నీ రాలిపోయాయి. విగ్గులు పెట్టుకోవలసి వచ్చింది. టార్బెల్ రాతలు చదివినవారికి ఆ బోసి ముఖం చూస్తే ఇంకా భయం వేసింది. ఆయన మాత్రం అరవయ్యో పడిలో గోల్ఫు ఆట నేర్చుకుని, వేళకు భోజనం, వేళకు నిద్ర, వేళకు షికారు అని నియమం పెట్టుకున్నారు. నూరేళ్ళు బతకాలన్నది ఆయన పట్టుదల.

ఇక దానధర్మాలు. 1890లో షికాగో విశ్వవిద్యాలయ స్థాపనకు ఆరు లక్షల డాలర్లతో మొదలుపెట్టి, మొత్తం మూడున్నర కోట్ల డాలర్ల దాకా ఇచ్చారు. నల్లజాతి బాలికల కోసం అట్లాంటా పట్టణంలో నడిచే ఒక పాఠశాలకు 1882 నుంచి సహాయం చేశారు. ఆయన భార్య పుట్టింటివారు బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవారు. వారి పేరే ఆ విద్యాసంస్థకు వచ్చి, అది స్పెల్మన్ కళాశాలగా ఎదిగింది. 1901లో ముద్దుల మనుమడు ఒకడు స్కార్లెట్ జ్వరంతో పోయాడు. ఆ జ్వరానికి అప్పట్లో మందు లేదు. అదే ఏడాది వైద్య పరిశోధనా సంస్థ ఒకటి ఆయన డబ్బుతో న్యూయార్కులో వెలిసింది. 1909లో కొంకిపురుగు వ్యాధి నిర్మూలనకు పది లక్షల డాలర్లు ఇచ్చారు. చెప్పులు లేని కాళ్ళ ద్వారా ఒంట్లోకి చేరి రక్తం పీల్చే పురుగు అది. అడిగినవారికల్లా చెక్కు రాసివ్వకుండా, ఫ్రెడరిక్ గేట్స్ అనే సలహాదారు సాయంతో, ప్రతి సంస్థ లెక్కలూ పరీక్షించి గాని ఇచ్చేవారు కాదు. ఆ డబ్బు పుచ్చుకోవడానికి అందరూ సిద్ధంగా లేరు. 1905లో ఒక క్రైస్తవ మిషనరీ సంఘానికి లక్ష డాలర్లు ఇస్తే, అది మచ్చపడిన సొమ్మని మతాచార్యులే ఆక్షేపించారు. పెద్ద ధర్మసంస్థ పెడతానంటే అమెరికా పార్లమెంటు అనుమతి ఇవ్వలేదు. చివరకు 1913లో న్యూయార్క్ రాష్ట్రపు చట్టం కింద రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఏర్పడింది. జీవితకాలంలో ఆయన ఇచ్చిన దానాల మొత్తం 50 కోట్ల డాలర్లు దాటింది.

మరుసటి ఏడే, 1914 ఏప్రిల్ 20న, కొలరాడో రాష్ట్రంలోని లడ్లో అనే చోట పెను విషాదం జరిగింది. అక్కడి బొగ్గు గనుల కంపెనీలో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్లది. సమ్మె చేసిన కార్మికులు గుడారాలు వేసుకుని ఉండగా సైనిక దళం కాల్పులు జరిపింది, గుడారాలు తగులబడ్డాయి. సుమారు ఇరవై మంది చనిపోయారు. వారిలో ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కుని ఊపిరాడక పోయినవారు. దేశం ఆ కుటుంబం మీద మండిపడింది. అప్పుడే కొడుకు జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్, ఐవీ లీ అనే ప్రచార నిపుణుని నియమించుకున్నారు. ఆ తర్వాత కుటుంబం నోరు విప్పడం మొదలుపెట్టింది. 1917 నుంచి సుమారు మూడేళ్ళపాటు విలియం ఇంగ్లిస్ అనే పత్రికా రచయిత పెద్దాయన దగ్గర కూర్చుని, టార్బెల్ ఆరోపణలు ఒక్కొక్కటే చదివి వినిపించి, ఆయన చెప్పిన జవాబులు రాసుకున్నాడు. వందల పేజీల కట్ట తయారైంది. దానిని పుస్తకంగా వేయకుండా బీరువాలో పెట్టేశారు. పరిశోధకులు దాన్ని విప్పి చదివింది చాలా దశాబ్దాల తర్వాత.

ఇంతలో బొమ్మలకు మాటలు వచ్చాయి. 1927లో ఫాక్స్ మూవీటోన్ అనే సంస్థ మాట్లాడే న్యూస్ రీళ్ళు మొదలుపెట్టింది. ఫిల్ము అంచున సన్నని పట్టీ ఒకటి వదిలి, శబ్దాన్ని వెలుగు నీడల గీతలుగా మార్చి దానిమీదనే ముద్రిస్తారు. బొమ్మ ఆడేటప్పుడు దీపపు కాంతి ఆ పట్టీగుండా పోయి మళ్ళీ శబ్దంగా మారుతుంది. ఆ ఏడు మే నెలలో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ సముద్రం దాటడానికి బయలుదేరినప్పటి విమానం హోరును అలా పట్టి చూపిస్తే హాలు దద్దరిల్లింది. మన దేశంలో ‘ఆలం ఆరా’ 1931లోను, మన తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ 1932లోను వచ్చాయి. కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి, గ్రంథాలయాల దాత, 1919లోనే పోయారు. 1914లో ఎడిసన్ కంపెనీవారు పట్టిన ఆయన గొంతు మిగిలింది గాని, మాట్లాడుతున్న మనిషి కనబడడు. రాక్‌ఫెల్లర్ మాత్రం టాకీలు వచ్చేదాకా బతికారు. ఫ్లారిడా రాష్ట్రంలో ఆర్మండ్ బీచ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో చలికాలం గడిపే ఆయన దగ్గరికి న్యూస్ రీలువాళ్ళు రావడం మొదలైంది.

ఆ పాత రీళ్ళలో కొన్నిటిని మా మనుమరాలు ఫోనులో పెట్టి చూపించింది. మన చిన్నతనంలో సినిమాకు ముందు ఫిలిమ్స్ డివిజన్ న్యూస్ రీలు వేసేవారు గదా, ఆ పోలికే. టోపీ పెట్టుకున్న, ముడతలుపడిన, ఎండుటాకు లాంటి ముసలాయన. చేతిలో డైము, అంటే పది సెంట్ల నాణెం. ఎదుటివారి చేతిలో దాన్ని పెట్టి రెండు ముక్కలు మాట్లాడతారు. టైర్ల కంపెనీ యజమాని, తానే కోటీశ్వరుడైన హార్వే ఫైర్‌స్టోన్ కూడా నవ్వుతూ ఒక డైము అందుకున్నవాడే. ఒక రీలులో ఆయన సన్నని గొంతుతో అందరినీ దేవుడు చల్లగా చూడాలని దీవించి, ఆ దీవెన మధ్యలోనే తన స్టాండర్డ్ ఆయిల్‌ను కూడా కలిపారు. జీవితం మొత్తంలో ఆయన పంచిన డైములు 20 నుంచి 30 వేల దాకా ఉంటాయని చెబుతారు. అది ఐవీ లీ పన్నిన ఎత్తని చాలామంది నమ్మారు గాని, ఆ అలవాటు పెద్దాయన సొంతమేనని చరిత్రకారులు తేల్చారు. 1929లో షేర్ల ధరలు కూలి దేశం నిరుద్యోగంలో మునిగినప్పుడు కూడా, ఇలాంటి రోజులు ఎన్నో చూశానని, మళ్ళీ మంచి కాలం వస్తుందని 93వ పుట్టినరోజుకు ఆయన ప్రజలకు ధైర్యం చెప్పారు.

ఆ బొమ్మల ప్రభావం ఊహించడం కష్టం కాదు. ముప్పై ఏళ్ళుగా వ్యంగ్యచిత్రాలలో కొండచిలువగా, ఆక్టోపస్‌గా కనిపించిన మనిషి, హాలులో కూర్చున్న ప్రతివారికీ తమ ఇంటి తాతగారిలాగ కనిపించాడు. టార్బెల్ రెండేళ్ళు రాసిన దానికి ఒక నిమిషం టాకీ జవాబు చెప్పినట్టయింది. అందులో అబద్ధం లేదు. ఆ ముసలాయన, ఆ వణుకు, ఆ దీవెన నిజమే. అయితే 1872లో కర్మాగారం అమ్ముకుని ఇంటికి వెళ్ళినవాడి ముఖం చూపడానికి అక్కడ ఏ కెమెరా లేదు. లడ్లో గోతి దగ్గర ఏ మైకూ లేదు. మనకు ఇప్పుడు ఏటేటా ఫోను కెమెరా ముందు ముఖం చూపించి బతికి ఉన్నామని రుజువు చేసుకోవడం అలవాటే. మనిషి ఉన్నాడని కెమెరా ధ్రువీకరిస్తుంది. ఎలా ఉద్యోగం చేశాడో తెలియాలంటే సర్వీసు రిజిస్టరు తెరవాలి. రాక్‌ఫెల్లర్ సర్వీసు రిజిస్టరు కోర్టు రికార్డులలోను, టార్బెల్ పుస్తకంలోను, ‘ఎ’ లెడ్జరులోను, బీరువాలో పెట్టిన ఇంగ్లిస్ కట్టలోను ఉంది.

ఆ రిజిస్టరులో మన పేజీ కూడా ఉంది. 1920లలో ఫౌండేషన్ ఆరోగ్య విభాగంవారు మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు వ్యాధిమీద పనిచేశారు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ వారి విరాళంతోనే 1932లో ఏర్పడింది. పూనాలో 1952లో పెట్టిన వైరస్ పరిశోధనా కేంద్రం నేటి జాతీయ వైరాలజీ సంస్థ. 1960లలో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వారి సహకారంతో ప్రపంచం నలుమూలల జొన్న విత్తనాలను సేకరించారు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ విత్తన నిధికి అది పునాది అయింది. మరోపక్క, కంపెనీని ముక్కలు చేయగా వచ్చిన వాటిలో ఒకటైన కాలిఫోర్నియా స్టాండర్డ్, టెక్సాకోతో కలిసి పెట్టిన కాల్టెక్స్ సంస్థే 1957లో విశాఖపట్నం రిఫైనరీని ప్రారంభించింది. తర్వాత ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకోగా 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. మన తాతల దీపాలలో కాలిన కిరసనాయిలు తాలూకు లాభంలో ఎంతో కొంత, మన జొన్న చేలకు తిరిగి వచ్చిందని అనుకోవచ్చు. అలాగని పద్దు చెల్లుకు చెల్లయిందని నేననను. దానం పుచ్చుకున్నవాడూ, కర్మాగారం పోగొట్టుకున్నవాడూ ఒకే మనిషి కాదు. ఒకరి ఖాతాలో బాకీని ఇంకొకరి ఖాతాలో జమ కట్టడం ఏ ఆడిటరూ ఒప్పుకోడు. రెండు ఖాతాలనూ పక్కపక్కనే ఉంచి చదవడమే సరి.

రాక్‌ఫెల్లర్ భార్య 1915లో పోయారు. ఆయన ఆస్తిలో అధికభాగం కొడుకు పేర బదిలీ చేసి, తన దగ్గర కొద్దిగానే ఉంచుకున్నారు. పోయేనాటికి ఆయన పేర మిగిలింది 2.64 కోట్ల డాలర్లు మాత్రమే. 1937 మే 23న ఆర్మండ్ బీచ్‌లోని ఇంట్లో, 97 ఏళ్ళ వయసులో, నిద్రలోనే ప్రశాంతంగా కన్నుమూశారు. అనుకున్న నూరేళ్ళకు రెండేళ్ళ పైచిలుకు తక్కువ. ఉద్యోగం వెతుక్కున్న క్లీవ్‌లాండ్ పట్టణంలోనే, తల్లి, భార్యల సమాధుల మధ్య ఆయనను ఖననం చేశారు.

మిత్రులారా, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ టాకీ కెమెరా ఉంది. పుట్టినరోజులకు, షష్టిపూర్తులకు, సహస్ర చంద్ర దర్శనాలకు పిల్లలు దాన్ని మన ముఖానికి ఎదురుగా పెట్టి నాలుగు మాటలు చెప్పమంటారు. మనమూ రాక్‌ఫెల్లర్ లాగానే అందరూ చల్లగా ఉండాలని దీవించి ఊరుకుంటాము. దీవెన అవసరమే. దానితోపాటు కొంచెం పద్దు కూడా చెబితే బాగుంటుందని నా మనవి. ఏ సంవత్సరం ఏ సీటులో ఉన్నాము, కరువు రోజుల్లో ఏ ఫైలు ఎందుకు కదిలింది, ఏది కదలలేదు, ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగవలసింది జరగలేదు, ఇవి చెప్పగలవారు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. 80 దాటిన సభ్యుల చేత ఇలాంటి విషయాలు చెప్పించి భద్రపరిచే పనిని మన సంఘం చేపట్టాలని, రాబోయే సర్వసభ్య సమావేశంలో దీనిని చర్చకు తీసుకోవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.